చూద్దాంగారి బెంచీ

చూద్దాంగారు ఈ లోకంలో చివరిగా చేసిన పని ఒక కప్పు టీ మీద తీర్పు వాయిదా వెయ్యడం.

ఆ పొద్దున ముసురు పట్టి ఉంది. ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని తడుస్తున్న గోడకేసి చూస్తున్నాడు. భార్య టీ కప్పు చేతికిచ్చి, చక్కెర సరిపోయిందా అని అడిగింది. కాపురానికి వచ్చిన నాటినుంచి రోజూ అడుగుతున్న ప్రశ్నే. ఆయన ఒక గుక్క తాగి, నోట్లో కాసేపు ఉంచుకుని, మింగి, "ఇంకో గుక్క పడనీ, చూద్దాం" అన్నాడు. ఆవిడ పొయ్యి కట్టేసి వచ్చేసరికి కప్పులో సగం టీ అలాగే ఉంది. తాగేవాడు లేడు.

"చక్కెర సంగతి చెప్పకుండానే వెళ్ళిపోయారు" అని ఆవిడ ఏడ్చింది. పలకరించడానికి వచ్చిన వాళ్ళందరికీ ఆ ఒక్క మాటే చెప్పి ఏడ్చింది. విన్నవాళ్ళు కళ్ళొత్తుకుంటూనే మొహం పక్కకు తిప్పుకున్నారు. చావింట్లో నవ్వకూడదు కదా. బాగుంది, బాగాలేదు అనే రెండు మాటల్లో ఒక్కటైనా ఆయన నోటివెంట వచ్చిందని సాక్ష్యం చెప్పగల మనిషి ఆ ఇంట్లో లేడు, ఆ వీధిలో లేడు, ఆయన ఉద్యోగమంతా వెళ్ళబుచ్చిన జొన్న పరిశోధన కేంద్రంలో అసలే లేడు. అడిగిందేదైనా సరే, ఆయన జవాబు ఒక్కటే. అందుకే ఆయన చూద్దాంగారు. గేటు మీద అసలు పేరున్న పలక ఒకటి ఉండేది గానీ, దాన్ని చదివి లోపలికి వచ్చేవాడు పోస్ట్‌మాన్ ఒక్కడే.

ఆ సగం కప్పును ఎవరు తియ్యాలా అని అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే, తీసినవాడు పెద్దల్లుడు. వంటింట్లోకి పట్టుకెళ్ళి, ఎవరూ చూడకుండా, చల్లారిపోయిన ఆ టీ ఒక గుక్క తాగి చూశాడు. చక్కెర కాస్త ఎక్కువైంది. పదికి ఆరు. ఆ సంగతి అత్తగారికి చెప్పలేదు.

పెద్దల్లుడు బడిపంతులు. దేవుడు ఒక్కోసారి ఇలాంటి సరదాలు చేస్తాడు. దేనికీ తీర్పు చెప్పని మామగారికి, ప్రతిదానికీ మార్కులు వేసే అల్లుణ్ణి తెచ్చి కట్టాడు. పంతులు పిల్లల పరీక్ష కాగితాలతో ఆగే రకం కాదు. భార్య చేసిన కూరకు మార్కులు, బస్సు డ్రైవరు బ్రేకు వేసిన తీరుకు మార్కులు, పక్కింటివాళ్ళ దగ్గుకు కూడా మార్కులు. మార్కులు పడని వస్తువు అతని లెక్కలో ఇంకా పుట్టనట్టే. అలాంటివాడు పెళ్ళినాటినుంచి ఒకే ఒక్క పరీక్ష ఫలితం కోసం ఎదురుచూశాడు. మామగారి దృష్టిలో తను ఎలాంటివాడు? ఇప్పుడు ఆ కాగితం దిద్దకుండానే పరీక్షాధికారి వెళ్ళిపోయాడు.

తప్పు ఆయనది కాదు, ఆయన వృత్తిది అనేవాళ్ళు కొందరు. జొన్నలో కొత్త రకాలు పుట్టించడం ఆయన పని. రెండు రకాలను సంకరం చేస్తే మొదటి తరం మొక్కలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు వస్తాయి. ఏపుగా, కళకళలాడుతూ, చూసినవాడు మోసపోయేలా ఉంటాయి. అసలు రంగు రెండో తరంలో బయటపడుతుంది. పొడుగువి, పొట్టివి, కంకి ఉండి కాడ లేనివి, కాడ ఉండి కంకి లేనివి, అవ్వను పోలినవి, తాతను పోలినవి, ఎవరినీ పోలనివి. ఒక్క తల్లి పిల్లలే, తలో దారి పడతాయి. దాన్ని విడిపోవడం అంటారు. వాటిలో ఏరి, ఏరినవాటి గింజ మళ్ళీ వేసి, మళ్ళీ ఏరి, ఇలా ఆరేడు తరాలు గడిస్తేగానీ ఒక మొక్క తన మాట మీద నిలబడుతుందో లేదో చెప్పలేరు. పొలం గట్టు దిగి ఇంటికొచ్చాక కూడా చూద్దాంగారికి లోకమంతా రెండో తరంలోనే కనిపించేది. ఇంకా విడిపోతోంది, తొందరపడకూడదు.

మంగలి వెనక అద్దం పట్టి సరిపోయిందా సారూ అంటే, "పెరగనీ, చూద్దాం" అనేవాడు. పెద్దకూతురు పుట్టినప్పుడు నర్సు గుడ్డలో చుట్టి తెచ్చి, బంగారుబొమ్మలా ఉంది కదండీ అంటే, ఇప్పుడేం తెలుస్తుందమ్మా అన్నాడు. ఇంట్లో కొన్న ఫ్యాను ఎలా తిరుగుతోందని దుకాణదారు అడిగితే చూస్తున్నామన్నాడు. ఆ దుకాణదారు పోయాడు, కొడుకు గల్లాపెట్టె దగ్గరికొచ్చాడు, అతనూ మర్యాదకు అదే అడిగాడు. ఇంకా చూస్తున్నామన్నాడు. ఇక పంటి డాక్టరు సంగతైతే వీధంతా చెప్పుకుంది. పుచ్చిన పన్ను పీకి, నొప్పి తగ్గిందా అని అడిగాడట. తగ్గినట్టే ఉంది, చూద్దాం అన్నాడట. డాక్టరుకు అనుమానం వచ్చి పక్క పన్ను కూడా పీకాడు. దాని మీదా అదే జవాబు. మూడో పన్నుకు పట్టకారు బిగిస్తుంటే భార్య లోపలికొచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

అల్లుడి విషయంలోనూ ఇదే వరస. పెళ్ళైన మర్నాడే దూరపు చుట్టమొకాయన పంతులు ఎదుటే, కొత్తల్లుడు ఎలా ఉన్నాడండీ అని అడిగాడు. "కొత్త కదా, చూద్దాం" అన్నాడు మామగారు. పంతులు సర్దుకున్నాడు. పిల్లలు పుట్టారు, తల నెరిసింది, ఆ 'కొత్త' మాత్రం పోలేదు. ఒకసారి చూద్దాంగారికి కడుపులో ఆపరేషన్ జరిగింది. పంతులు బడికి సెలవు పెట్టి మంచం పక్కనే కూర్చున్నాడు. ఒళ్ళు తుడిచాడు, బట్టలు మార్చాడు. మీ అబ్బాయా అని నర్సు అడిగింది. "అల్లుడు" అన్నాడాయన. చాలా మంచివాడండీ అంది నర్సు. మత్తు ఇంకా దిగలేదు. మత్తులో మనిషి దాచలేడంటారు. పంతులు ఊపిరి బిగబట్టి ముందుకు వంగాడు.

"చూద్దాం" అన్నాడు చూద్దాంగారు, కళ్ళు తెరవకుండానే.

ఆ రోజు ఇంటికొచ్చి పంతులు భార్యతో అన్నాడు. "మీ నాన్నకు నేనంటే పడదు."

"ఆయనకు పడనిదంటూ ఏదీ లేదండీ. పడిందీ లేదు" అంది ఆవిడ. పుట్టినప్పటినుంచి చూస్తున్న మనిషి కనుక ఆవిడకు కోపం ఎప్పుడో ఇంకిపోయింది.

మంచి చేసుకుందామని పంతులు చెయ్యని ప్రయత్నం లేదు. కొత్తల్లో ఒకసారి, మీ పరిశోధన ఏమిటో వివరంగా చెప్పండి మామయ్యగారూ అని అడిగాడు. ఆయన మొహం వెలిగింది. వంగి తన పాత గోధుమరంగు బూటు లేసు ఒకటి, అల్లుడి కొత్త నల్ల బూటు లేసు ఒకటి ఊడదీసి బల్ల మీద పక్కపక్కన పరిచాడు. "ఇది తల్లి ఇచ్చిన దారం, ఇది తండ్రి ఇచ్చిన దారం అనుకోండి. తల్లి దారం మీద ఇక్కడ పెద్ద కంకి, దాన్నానుకునే నీరసపు కాడ. తండ్రి దారం మీద చిన్న కంకి, గట్టి కాడ. ఇవి ఇలాగే పిల్లలకు చేరితే, కంకి బరువెక్కిన ప్రతి మొక్కా గాలికి పడిపోతుంది. మంచీ చెడూ పక్కపక్క ఇళ్ళల్లో కాపురం మరి. అయితే పువ్వులో పుప్పొడి తయారయ్యే వేళ ఈ దారాలు రెండూ పెనవేసుకుంటాయి. ఒకే చోట తెగి, దీని ముక్క దానికీ, దాని ముక్క దీనికీ అతుక్కుంటాయి." ఇలా అంటూనే పంతులు అయ్యో అనేలోపు కత్తెర తీసి రెండు లేసులూ కసుక్కున కోసి, నలుపుకు గోధుమరంగునూ, గోధుమరంగుకు నలుపునూ ముడేశాడు. "ఇదిగో. పెద్ద కంకి, గట్టి కాడ. ఒకే దారం మీద."

బాగుంది మామయ్యగారూ అన్నాడు పంతులు, తన లేసుకేసి దిగులుగా చూస్తూ.

"అప్పుడే అనకండి. ఆ ఇళ్ళు రెండూ మరీ దగ్గర. సరిగ్గా వాటి మధ్యనే తెగడం ఎన్ని వేలల్లోనో ఒక్కసారి. ఆ ఒక్క మొక్క కోసమే నా వెతుకులాట. దొరుకుతుందేమో, చూద్దాం."

మర్నాడు పంతులు సగం నలుపు, సగం గోధుమరంగు లేసుతో బడికెళ్ళాడు. పాఠమంతా పిల్లలు పుస్తకాల్లోకి చూడకుండా అతని కాళ్ళకేసి చూశారు. సాయంత్రమే కొత్త జత కొనుక్కున్నాడు. చూద్దాంగారు మాత్రం తన వాటా లేసును మార్చలేదు. ముడి నిలుస్తుందేమో చూద్దామన్నాడు.

ఇంకోసారి పొలం చూపిస్తానని తీసుకెళ్ళాడు. సాళ్ళ నిండా జొన్న, కంకుల మీద కాగితం సంచులు. పరాయి పుప్పొడి సోకకుండా ఒక్కో కంకికీ ముసుగు వేస్తారు. దూరం నుంచి చూస్తే మొక్కలన్నీ తలకు గుడ్డలు కట్టుకుని జ్వరంతో నిలబడ్డట్టున్నాయి. సాలుకొక చీటీ, చీటీ మీద మార్కులు. కాడకిన్ని, కంకికిన్ని, తెగులుకిన్ని. ప్రాణం లేచొచ్చింది పంతులుకి. నోరు తెరిచి చెప్పని మనిషి ఇక్కడ రాసిపెడుతున్నాడన్నమాట. వరసగా చదువుకుంటూ పోయాడు. నాలుగు, ఏడు, రెండు, ఆరు. పది సాళ్ళు దాటాక ఒక సాలు దగ్గర ఆగాడు. దానికి పేరున్న చీటీ ఉంది, మార్కులు లేవు. ఇంకో పది దాటాక మళ్ళీ అలాంటిదే ఇంకొకటి.

దీనికి వెయ్యడం మరిచిపోయారు మామయ్యగారూ అన్నాడు.

"అది పోలిక సాలు. దానికి వెయ్యం" అని ఆయన ముందుకు నడిచాడు.

పంతులు ఆ సాలు దగ్గర కాసేపు నిలబడ్డాడు. మామూలు జొన్న. నిటారుగా, గొప్పలు పోకుండా, ఎవరూ పట్టించుకోకపోయినా తన పని తను చేసుకుంటూ ఉంది. ఇంటికొచ్చి భార్యతో, మీ నాన్న పొలంలో నాలాంటి సాలు ఒకటుంది, మార్కులు కూడా దండగనుకున్నాడు దానికి అన్నాడు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

వీటన్నిటికీ మించింది బెంచీ బాధ. వెనకగదిలో ఒక పాత బెంచీ ఉండేది. పరిశోధన కేంద్రంలో పక్కన పడేస్తే ఆయన తెచ్చుకున్నాడు. నలుగురు బారుగా కూర్చోగలిగేంత పొడుగు, ఏనుగంత బరువు. మరదలికి సంబంధాలు చూసే రోజుల్లో, పిల్లవాడి తరఫు వాళ్ళు వస్తున్నారంటే చూద్దాంగారు ముందు పెద్దల్లుడికి కబురు పెట్టేవాడు. పంతులు సగంపూట సెలవు పెట్టి వచ్చేవాడు. అందరూ హాల్లో సర్దుకుని కూర్చుని, టీలు చేతికొచ్చాక, "అల్లుడుగారూ, ఆ బెంచీ కాస్త ఇలా తెస్తారా" అనేవాడాయన. కుర్చీలు సరిపడా ఉండేవి. అయినా పంతులు వెళ్ళి, దాన్ని ఒక్కడే గీరుకుంటూ, గడపకు కొడుతూ, చెమటలు కక్కుతూ ఈడ్చుకొచ్చేవాడు. తెచ్చాక దాని మీద ఎవరూ కూర్చునేవారు కాదు. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ ఈడ్చుకెళ్ళి వెనకగదిలో పెట్టేవాడు. మామగారు కనీసం, శ్రమ పడ్డారు అని కూడా అనేవాడు కాదు.

ఇలా ఒక ఇంజనీరు వచ్చాడు, ఒక బ్యాంకు ఆఫీసరు వచ్చాడు, ఓడల్లో సరుకు పంపే వ్యాపారి ఒకడు కారేసుకుని వచ్చాడు. పంతులు బెంచీతో కుస్తీ పడుతుంటే ముగ్గురూ బిస్కెట్లు తింటూ చూశారు. పంతులు మనసులోనే ఇంజనీరుకు ఎనిమిది, ఆఫీసరుకు ఏడున్నర, వ్యాపారికి తొమ్మిది వేశాడు. చూద్దాంగారు ముగ్గురికీ చూద్దామనే అన్నాడు. కాదనలేదు కనుక ఎవరికీ మనసు కష్టపడలేదు. కొన్నాళ్ళు చూసి, వాళ్ళే వేరేచోట పెళ్ళిళ్ళు చేసుకుని, ఆయనకు శుభలేఖలు కూడా పంపారు.

చివరికి మందుల షాపు నడిపే ఒకతను వచ్చాడు. చొక్కా ఎవరిదో అడిగి తొడుక్కున్నట్టుంది. మాట నత్తినత్తిగా వస్తోంది. బెంచీ వస్తుంటే గాభరాగా లేచి సాయం పట్టబోయి, మోచెయ్యి తగిలించి టీ అంతా తివాచీ మీద ఒలకబోశాడు. అది తుడిచే పని కూడా పంతులు నెత్తినే పడింది. పదికి నాలుగు వేశాడు. అదీ జాలిపడి. వాళ్ళు వెళ్ళాక అందరూ చూద్దాంగారి మొహం వైపు చూశారు.

"ఇతన్ని ఇంకొన్నాళ్ళు చూద్దాం. పెళ్ళయ్యాక కూడా చూడొచ్చు" అన్నాడాయన.

అలా మందుల షాపతను చిన్నల్లుడయ్యాడు.

ఉద్యోగంలో మాత్రం ఈ చూద్దాం ఆయన్ని ముంచేసింది. తోటివాళ్ళు ఒక్కొక్కరూ రెండేసి, మూడేసి రకాలు విడుదల చేసి, గోడల మీద ఫొటోలు పెట్టించుకున్నారు. ఆయన ప్రతి ఏడూ తన మొక్కలను తిరగేసి, ఇంకో పంట చూద్దాం అనేవాడు. ఆయన పేరు మీద ఒక్క రకమూ బయటికి రాకుండానే విరమణ వచ్చింది. సభలో పై అధికారి దండ వేసి, మీ సర్వీసు గురించి రెండు మాటలు చెప్పమన్నాడు. "ఇప్పుడే కదా అయింది. చూద్దాం" అని కూర్చున్నాడు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాత పొలంలో ఒక మూల మడి ఆయనకు వదిలేశారు. ఆ పాత బూట్లు వేసుకుని రోజూ వెళ్ళి, ఆ ఒక్క మొక్క కోసం వెతుక్కుంటూ ఉండేవాడు. దొరికిందా మామయ్యగారూ అని పంతులు అడగడం మానేశాడు. ఆ జవాబు కోసం నోరు నొప్పి పెట్టుకోవడం దేనికని.

అంతా అయిపోయాక, పరిశోధన కేంద్రం నుంచి మేస్త్రమ్మ కబురు పెట్టింది. పొలం పనివాళ్ళందరి మీదా ఆవిడే పెద్ద. సారు బూట్లు షెడ్డులో ఉండిపోయాయి, వచ్చి తీసుకెళ్ళండి అని. అల్లుళ్ళిద్దరూ వెళ్ళారు. వాన అప్పుడే వెలిసింది. ముందు రోజు పెనుగాలి వీచింది. మూల మడి మొత్తం దువ్వెనతో దువ్వినట్టు ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. తడిసిన కాగితం సంచులు బురదలో పరుచుకుని ఉన్నాయి. ఎవరో కప్పుకున్నవన్నీ విప్పేసి వెళ్ళిపోయినట్టుంది.  పంతులుకి మార్కులు వేసే ఓపిక కూడా లేకపోయింది.

మేస్త్రమ్మ బూట్లను గట్టు మీద పెట్టి, కొంగుతో తుడిచింది. ఎడమ బూటుకు సగం నలుపు, సగం గోధుమరంగు లేసు. ముడి నల్లగా, రాయిలా బిగుసుకుపోయి ఉంది.

"ఈ సంచులు చూస్తే నా మొదటేడు గుర్తొస్తుందండీ" అంది మేస్త్రమ్మ. అప్పుడు ఆవిడకు పని కొత్త. రాత్రి వానకు కంకుల సంచులు తడిసిపోతే, పాపం మొక్కలకు చలి అనుకుని, పొద్దున్నే వచ్చి అన్నీ విప్పేసి పొడి సంచులు తొడిగిందట. ఏ కంకికి ఏ పుప్పొడి పట్టించారో ఆ సంచుల మీదే రాసి ఉందని ఆవిడకు తెలియదు. ఆ ఏడు చేసిన సంకరాలన్నీ అమ్మానాన్నల పేర్లు లేని పిల్లలైపోయాయి. పై అధికారి ఆవిణ్ణి అప్పటికప్పుడు పొమ్మన్నాడు. ఎవరు పడితే వాళ్ళు తలో మాట అన్నారు. సారు మాత్రం, ఇంకో పంట చూద్దామన్నాడు. మరుసటేడు మళ్ళీ అడిగితే ఇంకో పంట అన్నాడు. "ఆ అధికారి బదిలీ అయ్యాడు, ఆ తర్వాతాయన రిటైరయ్యాడు. నా సంగతి మాత్రం సారు ఇప్పటికీ తేల్చలేదండీ. నేనింకా చూడబడుతున్న మనిషినే."

మా మామయ్యగారు ఎవర్నీ ఎందుకలా తేల్చకుండా వదిలేసేవారో అన్నాడు పంతులు, సగం తనలో తను.

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన పనే పనికిరాని మొక్కల్ని పీకెయ్యడం కదండీ. వేలకు వేలు పీకి, గట్టు మీద కూర్చుని మొహం కడుక్కునేవారు. మనుషులతో కూడా అదే పని చెయ్యమంటే ఎలా?" అంది మేస్త్రమ్మ.

పంతులు గట్టు వెంట నడిచాడు. పడిపోయిన సాళ్ళ మధ్యలో ఒకటి మాత్రం వరసగా నిలబడి ఉంది. మార్కుల్లేని చీటీ. గుర్తుపట్టాడు. దీనికి ఇప్పుడైనా నాలుగు మార్కులు వెయ్యకూడదా అమ్మా, ఒక్కటే నిలబడింది కదా అన్నాడు. గొంతులో తన సొంత కష్టం కూడా కాస్త కలిసింది.

మేస్త్రమ్మ వింతగా చూసింది. "దానికెలా వేస్తామండీ? అది ఎప్పుడో గట్టిదని తేలిపోయిన రకం. కొత్తవాటి మధ్య దాన్ని నాటి, దానితో పోల్చి కదా మిగతావాటికి మార్కులు వేసేది. కొలబద్దను ఎవరు కొలుస్తారు?"

పంతులు సరేనని తలూపాడు. మనసు బురదలో సంచుల మీదే ఉంది. వెనకాల చిన్నల్లుడు మాత్రం నడుస్తున్నవాడు ఆగిపోయాడు. ఏదో అనబోయి, నత్తి అడ్డుపడి ఊరుకున్నాడు.

మడి చివర మేస్త్రమ్మ ఇంకొకటి చూపించింది. చుట్టూ అన్నీ పడిపోయిన చోట, పోలిక సాలు కాని ఒక మొక్క, ఒక్కటే, పిడికిలికి పట్టనంత కంకితో నిలబడి ఉంది. కాడ కొద్దిగా కూడా వంగలేదు. సారు పోయాక వచ్చిన గాలి కదండీ, ఆయన దీన్ని చూడలేదు అంది. గింజ దాచి మళ్ళీ వేస్తానంది. ఆ తర్వాత, "మీరేమంటారు పంతులుగారూ? ఆయన వెతికింది ఇదేనంటారా?" అని అడిగింది.

పదికి పది అందామని పంతులు నోరు తెరిచాడు. ఆ మొక్కకు గాలి తగలకుండా పక్కది అడ్డం పడిందేమో. దీని పిల్లలు ఎలా విడిపోతాయో. అతని నోట్లోంచి బయటికి వచ్చిన మాట విని అతనే తత్తరపడ్డాడు.

"చూద్దాం" అన్నాడు.

మేస్త్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అవతలికి తిరిగింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

ఇంటికి వచ్చేసరికి పలకరింపులవాళ్ళు పల్చబడ్డారు. హాల్లో కుర్చీలన్నీ ఖాళీ. వచ్చేపోయేవాళ్ళ కోసం ఎవరో తెచ్చివేసిన ఆ పాత బెంచీ మధ్యలో అడ్డంగా ఉంది. దాన్ని లోపల పెట్టించు నాయనా, చూడలేకపోతున్నాను అంది అత్తగారు. పంతులు అలవాటు కొద్దీ చొక్కా చేతులు మడిచి ఒక కొస ఎత్తాడు. రెండో కొస తేలిగ్గా లేచింది. అవతల చిన్నల్లుడు. మధ్యలో, బెంచీ మీద, బూట్లు.

నడవలోకి వచ్చాక చిన్నల్లుడు ఆగాడు.

"అన్నయ్యా, ఆ మేస్త్రమ్మ చెప్పింది చూశారూ, పోలిక సాలు. మామయ్యగారు మిమ్మల్ని అలాగే అన్నారు. నేను ఇన్నేళ్ళూ అదేదో తిట్టనుకున్నాను. అందుకే మీకు చెప్పలేదు."

"ఎప్పుడన్నారు?"

"నేను మొదటిసారి వచ్చిన రోజు. మీరు కింద టీ తుడుస్తున్నారు. ఆయనెవరండీ అని అడిగాను. మా పోలిక సాలు అన్నారు." చిన్నల్లుడు నత్తిని మింగి, పెళ్ళయ్యాక మామగారు తనకు చెప్పిన బెంచీ సంగతి, మీకు తెలిసిందేననుకున్నానంటూ నెమ్మదిగా చెప్పాడు. పంతులు మొట్టమొదట సంబంధానికి వచ్చిన రోజు, మామగారు ఈ బెంచీని ఒక్కడే హాల్లోకి ఈడుస్తున్నాడట. ఇంకా ఎవరు ఎవరో కూడా తెలియదట. ఎవరూ అడగకుండానే పంతులు లేచి వెళ్ళి రెండో కొస పట్టుకున్నాడట. "అప్పటినుంచి ఎవరొచ్చినా మీచేత బెంచీ తెప్పించేవారట, వచ్చినవాళ్ళెవరైనా లేస్తారేమోనని. నువ్వొక్కడివే లేచావు నాయనా అని నాతో అన్నారు."

పంతులు బెంచీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ రోజును గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఆ రోజు తను వేసుకున్న చొక్కా గుర్తుంది, గోడ గడియారం గుర్తుంది, టీ పళ్ళెం పట్టుకున్న చెయ్యి గుర్తుంది. బెంచీ మాత్రం ఎంత వెతికినా కనపడలేదు. లోకమంతటినీ ఆరేడు తరాలు చూద్దామన్న మనిషి, పంతులుకే గుర్తు లేని ఒక బెంచీ ఎత్తేలోపు, ఇతన్ని ఇంక చూడనక్కర్లేదనుకున్నాడు.

నడవలో వెలుతురు తగ్గింది. చేతులు నొప్పి పుడుతున్నాయి. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

"అన్నయ్యా" అన్నాడు చిన్నల్లుడు మొహమాటంగా. "మరి నా గురించి... నేను ఎలాంటివాణ్ణో మీతో ఎప్పుడైనా చెప్పారా ఆయన?"

పంతులు తలెత్తి చూశాడు. అవతలి కొసన తన మొహమే కనిపించింది, కొన్నేళ్ళ కిందటిది. తివాచీ మీద టీ గుర్తొచ్చింది, పదికి నాలుగు గుర్తొచ్చింది. మామగారు పోయిన రోజునుంచి మొదటిసారి అతని పెదవి ఒక పక్కకు కదిలింది.

"నీ సంగతి ఇంకా చూస్తున్నాం తమ్ముడూ" అన్నాడు. "ముందు ఆ కొస కాస్త పైకెత్తు, గడప తగులుతుంది."